పండుగలోపు చేరాల్సిన పైసలు

సిరిసిల్ల సాంచాల నుంచి జగిత్యాల, కోరుట్ల పల్లెల ఆటస్థలాల దాకా: సంస్కృతి, క్రీడల పేరిట సర్కారు పెట్టే ఖర్చు ఎవరి చేతికి, ఏ నెలలో చేరుతోంది?

అందరికీ బతుకమ్మ పెత్రామాస నాడు మొదలవుతుంది. సిరిసిల్లలో మాత్రం 2017 తర్వాత కొన్నేళ్లపాటు ఆ పండుగ ఎండాకాలంలోనే మొదలయ్యేది. రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు అందేది, నూలు లారీలు దిగేవి, వార్పిన్ల మీద పోగులు చేరేవి, బీములు సాంచాలకు, అంటే మరమగ్గాలకు ఎక్కేవి. తంగేడు పూతకు ఇంకా నెలలున్నప్పుడే బీవై నగర్, సుందరయ్యనగర్ గల్లీల్లో రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. ఆ చప్పుడు ఉన్నన్నాళ్లు కిరాణా కొట్టులో ఖాతా తీరేది, పిల్లల ఫీజు కట్టేవాళ్లు, చిట్టీ వాయిదా తప్పేది కాదు.

సంస్కృతి మీద ప్రభుత్వ ఖర్చు అనగానే మనకు వేదికలు, శాలువాలు, విగ్రహాలు, విద్యుద్దీపాలు గుర్తొస్తాయి. పండుగలకు పైసలెందుకు, ఆ సొమ్ముతో రోడ్లేయండి అనేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు. 2016 అక్టోబరులో పాత కరీంనగర్ నుంచి విడివడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఈ ఖర్చు నడిచిన తీరు చూస్తే నాకు ఆ తగాదా కన్నా పెద్ద ప్రశ్న ఒకటి కనబడుతుంది. ఆ రూపాయి చివరికి పండుగను మోసే మనిషికి చేరిందా, పండుగలోపు చేరిందా?

కోటి చీరలు

రాష్ట్రం వచ్చిన 2014లోనే బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించారు. మూడేళ్లకు బతుకమ్మ చీరల పథకం వచ్చింది. ఆహార భద్రత కార్డున్న ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఆడబిడ్డకూ ఒక చీర. లెక్క కోటి చీరలకు తేలింది. తొలి ఏడాది ఖర్చు సుమారు 222 కోట్ల రూపాయలు, రెండేళ్లకే అది 300 కోట్లు దాటింది. ఈ పద్దు భాషా సాంస్కృతిక శాఖ ఖాతాలో కనిపించదు, చేనేత జౌళి శాఖ కింద నడిచింది. అయినా ఒక పండుగ పేరు మీద, ఆ పండుగ ఆడే ఆడవాళ్ల కోసం ఏటా ఇంత సొమ్ము పెట్టిన పథకం తెలంగాణలో మరొకటి లేదు. దీన్ని సంస్కృతి ఖర్చుగానే చూడాలని నా పట్టుదల.

ఆ సొమ్ము సిరిసిల్లకు ఎందుకు వెళ్లిందో చెప్పాలంటే వెనక్కి పోవాలి. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈ పట్టణం పేరు పత్రికల్లో కనబడిందంటే అది నేతన్న ఆత్మహత్య వార్తే. పాలిస్టర్ బట్టకు సూరత్, భివండీల ముందు ధర పలకలేదు. ఇక్కడి పని మూడు అంచెల్లో సాగుతుంది. నూలు తెచ్చి బట్ట అమ్ముకునేవాడు సేటు. నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని సేటు దగ్గర పని తెచ్చుకునేవాడు ఆసామి. ఆ సాంచాలను నడిపేవాడు కార్మికుడు. వార్పిను, వైపని చేసేవాళ్లు, పిర్నీలు చుట్టే ఆడవాళ్లు, హమాలీలు వీళ్లను ఆనుకుని బతుకుతారు. బట్టకు గిరాకీ పడిపోతే సేటు బీములివ్వడం ఆపుతాడు. ఆసామి అప్పులో మునుగుతాడు. కార్మికుడికి ఆ వారం కూలి ఉండదు.

సర్కారు ఆర్డరు ఈ వరుసను కొంత మార్చింది. పరస్పర సహాయక సహకార సంఘాలకు, చిన్న పరిశ్రమల యూనిట్లకు టెస్కో ద్వారా మీటర్ల లెక్కన పని పంచారు. కొనేవాడు ముందే తెలుసు, ధర ముందే తెలుసు. నెలకు 8 వేలు, 10 వేలు చూసిన కార్మికుడి సంపాదన 16 వేల నుంచి 20 వేలకు చేరిందని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. అందరికీ అన్ని నెలలూ అంత రాలేదు. సీజన్ నడిచిన నెలల్లో మాత్రం తేడా గట్టిగానే తెలిసింది. బతుకమ్మ చీరతో పాటు బడి పిల్లల యూనిఫాం బట్ట ఆర్డర్లు కూడా ఇక్కడికి వచ్చేవి. జౌళి శాఖలో అది ఒక పద్దు. ఇక్కడ అదే పొయ్యి వెలగడం.

జగిత్యాలలో కాలిన చీరలు

తొలి ఏడాది పథకం తడబడింది. తడబడిన చోటును దాటవేయకూడదు. 2017లో ఉన్న కొద్ది నెలల వ్యవధిలో కోటి చీరలు నేయడం సిరిసిల్లకు సాధ్యం కాలేదు. సగం దాకా సూరత్ నుంచి కొన్నారు. సెప్టెంబరులో పంపిణీ మొదలు కాగానే జగిత్యాల జిల్లాతో పాటు రాష్ట్రంలో చాలా చోట్ల ఆడవాళ్లు ఆ చీరలను రోడ్డు మీద వేసి కాల్చారు. నాణ్యత లేదని, చేనేత అనుకుంటే ఇవేం చీరలని నిలదీశారు. దాని వెనుక రాజకీయం ఉందని అధికార పక్షం అన్నది. ఊరికే వచ్చిన చీరకు వంకలెందుకని అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ మాట నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. బతుకమ్మకు ఆడబిడ్డ తల్లిగారింటికి వస్తుంది. చాకిరీ చేసి అలసిన మనిషి ఏడాదిలో ఆ తొమ్మిది రోజులు తన ఈడువాళ్లతో వాడకట్టులో నిలబడి ఆడుతుంది. సద్దుల నాడు కట్టే చీర నలుగురిలో ఆమె గౌరవం. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో బీడీలు చుట్టి, టేకేదారు దగ్గర కట్టలు లెక్కపెట్టించుకుని వచ్చే ఆడవాళ్లకు బట్ట నాణ్యత తెలియదనుకోవడం పొరపాటు. వెయ్యి బీడీల్లో నాలుగు వంకరగా ఉంటే పక్కకు తీసేసే లెక్క వాళ్లకు రోజూ ఎదురయ్యేదే. వాళ్ల పేరున పెట్టిన ఖర్చులో నాసి బట్ట వస్తే ప్రశ్నించే హక్కు వాళ్లకుంది.

మంచి సంగతేమిటంటే ఆ కోపం పనిచేసింది. మరుసటి ఏడాది నుంచి ఆర్డరు సిరిసిల్ల చుట్టే తిరిగింది. జరీ అంచులు వచ్చాయి. రంగులు, డిజైన్లు పెరిగాయి. గోచీ కట్టు కట్టే పెద్ద వయసు ఆడవాళ్ల కోసం 9 మీటర్ల చీరలు వేరుగా నేయించారు. ఎవరో ఒక అధికారికి ఆ ముసలవ్వ గుర్తొచ్చి ఉండాలి. ఈ మొత్తం పథకంలో నాకు బాగా నచ్చిన వివరం అదే.

తేదీ దాటిన చీర

పండుగ తేదీని ప్రభుత్వం మార్చలేదు. ఆర్డరు తేదీ మాత్రం దాని చేతిలోనే ఉంటుంది. 2018లో శాసనసభ ముందుగా రద్దయి ఎన్నికల కోడ్ వచ్చింది. నేసిన చీరలు గోదాముల్లో ఉండిపోయి ఎన్నికలయ్యాక డిసెంబరులో పంచారు. బతుకమ్మ చీర చలికాలంలో అందింది.

2023 చివరలో ప్రభుత్వం మారింది. పాత ఆర్డర్ల తాలూకు బకాయిలు 200 కోట్లకు పైగా ఉన్నాయని సంఘాలు మొత్తుకున్నాయి. కొత్త ఆర్డరు రాలేదు. 2024 ఆరంభంలోనే పాలిస్టర్ సాంచాలు ఆగిపోయాయి. ఆ ఏడాది ఆత్మహత్య వార్తలు మళ్లీ వచ్చాయి. బతుకమ్మ వచ్చి వెళ్లింది, చీర రాలేదు. ఆ నవంబరులో వేములవాడకు వచ్చిన ముఖ్యమంత్రి నూలు డిపోను ప్రారంభించారు. నూలు అప్పుగా దొరికే డిపో కావాలని ఇక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు, కాబట్టి అది మేలైన అడుగే. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇందిరా మహిళాశక్తి చీరల ఆర్డరు ఇచ్చారు. మగ్గాలు మళ్లీ కదిలాయి. 2025 నవంబరు 19న, ఇందిరాగాంధీ జయంతి నాడు పంపిణీ మొదలైంది. అప్పటికి బతుకమ్మ అయిపోయి నెలన్నర దాటింది.

ఏ పార్టీ పేరున ఇచ్చినా, ఏ నాయకురాలి పేరు పెట్టినా సాంచా నడిపేవాడికి మీటరు కూలి ఒక్కటే. అతనికి కావలసింది వచ్చే ఏడాది కూడా ఆర్డరు ఉంటుందన్న నమ్మకం. ప్రభుత్వం మారినప్పుడల్లా సున్నా నుంచి మొదలయ్యే ఖర్చు కార్మికుడికి కూలి అనిపించుకోదు, దానం అనిపించుకుంటుంది. ఈ విషయంలో ఏడేళ్లు పథకం నడిపినవాళ్ల బాధ్యత కూడా చిన్నది కాదు. ఒక్క కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడేలా చేశారు. కోటి చీరలు నేసిన నైపుణ్యాన్ని బయట దుకాణంలో అమ్ముడుపోయే చీరగా మార్చడానికి అవసరమైన మెరుగైన సాంచాలు, సొంత మార్కెటు, డిజైను మనుషులు కావలసినంతగా రాలేదు. ఆర్డరు ఆగిన మర్నాడే పట్టణం చేతులు చాచాల్సి వచ్చింది.

కూనపులివారి హక్కు

సంస్కృతికి ఖర్చు పెట్టడం ఈ నేలకు సర్కారు నేర్పిన విద్య కాదు. సిరిసిల్లలో, కోరుట్లలో పద్మశాలీలు పెద్ద సంఖ్యలో ఉంటారు. వాళ్ల కులపురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గజం వెడల్పు, మూరల కొద్దీ పొడవున్న బొమ్మల పటం విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ మార్కండేయుడి కథ, భావనా ఋషి కథ పాడి వినిపిస్తారు. ఆ పటాలు గీసేది చేర్యాల నకాషీలు. కూనపులివాళ్లకు ఊళ్లు పంచుకుని ఉండేవి. తమ వంతు వచ్చినప్పుడు ఆ ఊరి శాలోళ్ల దగ్గరికి వెళ్లి కథ చెప్పి, తమకు రావాల్సింది తీసుకుని వెళ్లేవాళ్లు. ఒగ్గువాళ్లకు, చిందువాళ్లకు, శారదకాండ్రకు కూడా ఇలాంటి ఏర్పాట్లే ఉండేవి.

ఆ కట్టుబాటులో కులం పెట్టిన గోడలున్నాయి. పెద్ద కులం వాకిట్లో కళాకారుడు చేతులు కట్టుకుని నిలబడ్డ అవమానాలున్నాయి. అవి తిరిగి రావాలని నేను కోరను. అయితే అందులో ఉన్న రెండు సంగతులను మన ప్రభుత్వాలు ఇంకా అందుకోలేదు. కళాకారుడు ఫలానా ఏడాది ఫలానా ఊరికి వస్తాడన్నది ఖాయం. వచ్చినప్పుడు అతనికి ఇవ్వాల్సింది హక్కుగా ఇస్తారన్నదీ ఖాయం. అడుక్కోవడం, దరఖాస్తు పెట్టడం, పైరవీ చేయడం అందులో లేవు.

శాలోళ్ల ఆదాయం సాంచాలతో, ఆ తర్వాత సంక్షోభంతో కుంగినప్పుడు ఆ పటం కూడా మడతపడింది. నేతన్న చేతిలో పైసలున్నప్పుడే అతని కథ చెప్పేవాడికి అన్నం దొరుకుతుంది. చీరల ఆర్డరుకు, పటం కథకు ఉన్న ఈ సంబంధాన్ని ఏ శాఖ ఫైలూ గుర్తించదు.

ఇప్పుడు ప్రభుత్వం చేస్తున్నదేమిటి? సాంస్కృతిక సారథి పేరిట 550 మంది కళాకారులను జీతానికి తీసుకున్నారు. ఉద్యమంలో గొంతు చించుకుని పాడినవాళ్లకు నెల జీతం రావడం న్యాయం. కానీ ఆ జీతానికి వాళ్లు ఎక్కువగా పాడింది సర్కారు పథకాల పాటలే. పాలకులు మారితే పాటలూ మారతాయి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములు వేములవాడ పక్కనున్న హన్మాజీపేటవారు. సి.నారాయణరెడ్డి పుట్టిన ఊరు కూడా అదే. ఇద్దరు మహామహులను ఇచ్చిన ఆ ఊరి పిల్లలకు ఒగ్గు డోలు పట్టుకోవడం నేర్పే గురువుకు నెలనెలా గౌరవ వేతనం ఇచ్చే ఏర్పాటు అన్నింటికన్నా ముందు రావాలి. వృద్ధ కళాకారులకు 3,016 రూపాయల పింఛను ఉంది. అది ముసలితనానికి ఆసరా. శిష్యులను తయారుచేసే ఖర్చు వేరు. మహాశివరాత్రికి వేములవాడలో భాషా సాంస్కృతిక శాఖ శివార్చన పేరిట కళాకారులను రప్పించి రాత్రంతా ప్రదర్శనలు ఇప్పిస్తుంది. జాతరకు వచ్చిన జనం ముందు పల్లె కళలు ఆడటం చూడముచ్చటగా ఉంటుంది. తెల్లారితే వేదిక విప్పేస్తారు. మిగతా ఏడాదంతా ఆ కళాకారుడు ఎవరికీ పట్టడు.

అదే వేములవాడలో సద్దుల బతుకమ్మ అందరిలా తొమ్మిదో రోజున కాక ఏడో రోజునే చేస్తారు. ఊరు తన పండుగను తన లెక్కన జరుపుకుంటుందనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఖర్చు నిర్ణయాలు మాత్రం రాష్ట్రమంతటికీ ఒకే మూసలో పోసి పంపుతారు.

బోర్డు ఉంది, ఆట లేదు

2022 జూన్‌లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ప్రతి ఊరికీ ఒక ఆటస్థలం. ఉపాధి హామీ నిధులతో నేల చదును చేయడం, వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు గీయడం, లాంగ్ జంప్ గుంత తవ్వడం, వ్యాయామానికి ఇనుప కడ్డీలు పాతడం. ఆలోచన చాలా మంచిది. మన పల్లెల్లో పిల్లలకు ఆడుకునే జాగా లేదన్నది పచ్చి నిజం. ఖాళీ జాగాలన్నీ ప్లాట్లయ్యాయి.

ఎక్కడ దెబ్బతిన్నదంటే, ఊరు నడుమ జాగా లేని చోట దొరికిన ప్రభుత్వ భూమి చూపించారు. చాలా చోట్ల అది గుట్ట పక్కన, శ్మశానం పక్కన, చెరువు శిఖంలో ఉంది. ఆడపిల్లలు సాయంత్రం అక్కడికి వెళ్లే దారే లేదు. ఒక వానాకాలం గడిచేసరికి పిచ్చి గడ్డి మొలిచింది. ఉపాధి హామీ నిధి నేలను చదును చేస్తుంది, మర్నాటి నుంచి ఆ నేలను చూసుకునే మనిషికి జీతం ఇవ్వదు. పైగా 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. దాదాపు రెండేళ్లు వీధి దీపానికే దిక్కులేని చోట వాలీబాల్ నెట్టు ఎవరు కొంటారు?

అదే 2022 జూన్‌లో నిఖత్ జరీన్‌కు రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయల నజరానా ఇచ్చింది. అంతకు ముందు నెలే ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. నిజామాబాద్ బిడ్డ. కోరుట్ల నుంచి జాతీయ రహదారి పట్టుకుని పోతే వచ్చే ఊరే. ఆమెకు ఆ సన్మానం ముమ్మాటికీ తగినదే. ఆ అమ్మాయిని మొదట మైదానానికి తీసుకెళ్లింది ఆమె తండ్రి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. ఆమె పరుగులోని సత్తాను మొదట పసిగట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇద్దరి కథల్లోనూ మొదట ఉన్నది స్టేడియం కాదు, పట్టించుకున్న ఒక మనిషి. గెలిచాక కోట్లు ఇచ్చే ప్రభుత్వం ఆ మనిషికి నెలనెలా ఎంత ఇస్తోంది? ఎన్నో సర్కారు బడుల్లో పీఈటీ లేడు. ఉన్న చోట ఆటల పీరియడు లెక్కల పీరియడుగా మారుతోంది.

జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఈ సంగతికి మరో బరువు ఉంది. ఎన్నో ఇళ్లలో తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. పదిహేను పదహారేళ్ల పిల్లవాడి సాయంత్రాలను పట్టించుకునే మగదిక్కు ఇంట్లో ఉండదు. తల్లి చాట ముందు బీడీలు చుడుతూ ఉంటుంది. ఆ సాయంత్రాలు ఫోనుకో, బెల్టు షాపుకో, మైదానానికో పోతాయి. దసరాకు, సంక్రాంతికి జరిగే వాలీబాల్, కబడ్డీ పోటీలకు గల్ఫ్‌లో ఉన్న కొడుకులు చందాలు పంపుతారు. ట్రోఫీ మీద దాత పేరు, టీషర్టు మీద దాత పేరు. ఊరి ఆటను ఇన్నాళ్లు నిలబెట్టింది ఎక్కువగా ఆ చందాలే.

చిన్న దేశమైన ఐస్‌లాండ్ ఈ దారిలో ఒక పని చేసి చూపింది. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 శాతం. 2016కు అది 5 శాతానికి దిగింది. వాళ్లు తల్లిదండ్రులను కలుపుకున్నారు, రాత్రిపూట పిల్లలు వీధుల్లో తిరిగే వేళలను కట్టడి చేశారు, ఆటలకు, సంగీతానికి, నాట్యానికి డబ్బు పెట్టారు. రాజధాని రేక్యవీక్‌లో ప్రతి పిల్లకూ ఏడాదికింత అని నగరపాలక సంస్థ కేటాయిస్తుంది. పిల్ల ఏ శిక్షణలో చేరితే ఆ క్లబ్బుకు ఆ సొమ్ము వెళుతుంది. శిక్షకుడికి జీతం అందులోంచి వస్తుంది. వాళ్ల ఆదాయాలు వేరు, జనాభా వేరు. ఆ సొమ్ము కాంక్రీటు దగ్గరే ఆగకుండా శిక్షకుడి దాకా చేరిందన్నది మాత్రం కోరుట్ల మండలంలోని ఏ పంచాయతీకైనా వర్తిస్తుంది.

రూపాయికి 8 పైసలు

ప్రభుత్వం మారినా ఆగని ఖర్చుకు మన దగ్గరే ఒక నమూనా ఉంది. 1935లో ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. నిజాం పాలనలో తెలుగు బడి, తెలుగు గ్రంథాలయం కావాలని అడిగిన తరం అది. సర్కారు పైసా ఇవ్వకపోయినా ఊరూరా చందాలతో పుస్తకాల గది పెట్టుకున్నారు. అలాంటి గ్రంథాలయ ఉద్యమాల కొనసాగింపుగానే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం వచ్చిందని నేననుకుంటాను. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ముఖ్యమంత్రి ఎవరైనా, పార్టీ ఏదైనా ఆ 8 పైసలు ఆగవు. పురపాలికలు వసూలు చేసిన సొమ్మును తమ దగ్గరే ఉంచుకుని గ్రంథాలయాలకు బకాయి పడటం అన్ని జిల్లాల్లో ఉన్న జబ్బే. అయినా అడగడానికి చట్టం ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలతో నిండిన మన జిల్లా గ్రంథాలయాలు ఆ చట్టం మీదే నిలబడ్డాయి.

ఆటకు, ఒగ్గు డోలుకు, కూనపులి పటానికి అలాంటి చట్టం లేదు. ఉన్నవి జీవోలు, ప్రకటనలు, ప్రారంభోత్సవాలు. ఒక జీవోతో వచ్చింది మరో జీవోతో పోతుంది, ఏ జీవో లేకుండా కూడా ఆగిపోతుంది. సిరిసిల్లకు 2024లో జరిగింది అదే.

2025 డిసెంబరు ఎన్నికలతో ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో కొత్తగా గెలిచినవాళ్లలో ఆడవాళ్లు సగం దాకా ఉంటారు. రిజర్వేషన్ లెక్కే అంత. బతుకమ్మ ఆడిన, బీడీలు చుట్టిన, సంఘంలో పొదుపు పుస్తకం రాసిన చేతులు ఇప్పుడు పంచాయతీ చెక్కు మీద సంతకం పెడతాయి. ఊరి బడ్జెట్‌లో వాళ్లు మొదట రాయించాల్సిన పద్దు పెద్దదేమీ కాదు. ఆటస్థలానికి ఒక లైటు, ఒక నీటి కుళాయి, సాయంత్రం రెండు గంటలు పిల్లలతో ఉండే ఒక పాత కబడ్డీ ఆటగాడికి గౌరవ వేతనం, ఆడపిల్లలకు వేరుగా ఒక వేళ. గ్రామసభలో దీనికి తీర్మానం చేయడానికి హైదరాబాద్ అనుమతి అక్కర్లేదు. ఆ వేతనం ఏ నెలకు ఆ నెల ఇవ్వాలని కూడా ఆ తీర్మానంలోనే రాసుకోవాలి.